తిరుపతిలో పాత ఫ్లాట్ కొన్నాం: ముందు గోడలు, తర్వాత కాగితాలు

తిరుపతిలో ఇల్లు కొనాలనుకునేవాళ్లు చాలామంది ఇప్పుడు కొత్త అపార్ట్‌మెంట్ల వైపే పోతున్నారు. మేము కావాలనే పాతది, చిన్నది వెతికి కొన్నాం. ఎం.ఆర్. పల్లిలో ఒక లోపలి వీధి, 1999లో ప్లాన్ అప్రూవల్ అయిన బిల్డింగ్, అందులో రెండో అంతస్తులో 780 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. పాతదెందుకు కొన్నారని చుట్టాలూ, కాలేజీలో తోటి లెక్చరర్లూ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఎండకి తట్టుకునే ఇల్లు కావాలి కాబట్టి కొన్నాం, అంతే. ఎలా వెతికామో, ఏమేం చూశామో రాస్తున్నా, మన ఊళ్లో ఇదే పని మీద తిరుగుతున్నవాళ్లకి పనికొస్తుందని.

అంతకుముందు మేము అద్దెకున్నది కొర్లగుంటలో, పై అంతస్తు. నెత్తిన మిద్దె, పడమర గోడకి అడ్డం ఏమీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే నిలవదు, రాత్రి పదకొండుకి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. మా అత్తమ్మకి బీపీ, పాపకి వీపంతా చెమటకాయలు, ఏసీ ఆపితే నిద్ర లేదు, వేస్తే బిల్లు టెన్షన్. మే నెలలో 330 యూనిట్లు దాటేది. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు శ్లాబుల్లో ఉంటుంది కదా, 2022లో సవరించిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, అక్కణ్ణుంచి 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, అది దాటాక 400 దాకా ఒక్కో యూనిట్ 8.75. లెక్కేసి చూడండి, 180 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 747 రూపాయలు, 320 కాలిస్తే 1,848. ఫిక్స్‌డ్ చార్జీలు, ట్రూ అప్ (కరెంటు కంపెనీకి వెనక అయిన అదనపు ఖర్చుని తర్వాత మన బిల్లులో వేసేది) లాంటివన్నీ దాని మీద అదనం. ఎండాకాలంలో కూడా 225 దాటని ఇల్లు దొరికితేనే కొనాలని నేనూ మా ఆయనా అప్పుడే అనుకున్నాం.

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు, రేణిగుంట రోడ్డు వైపు కొత్తవి కూడా చూశాం. చూడ్డానికి బాగున్నాయి, కాదనను. గేటు, లిఫ్టు, కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్ అన్నీ మెరుస్తున్నాయి. ఒకచోట హాలుకి పడమర వైపు నేల నుంచి పైదాకా గాజు తలుపు పెట్టారు, వ్యూ బాగుంటుంది మేడం అని చూపించారు. వ్యూ సంగతి సరే, మే నెల సాయంత్రం ఆ గాజులోంచి వచ్చే ఎండని ఎవరు ఆపుతారు? పైన సన్‌షేడ్ కూడా లేదు. గోడలు చూస్తే నాలుగంగుళాల బ్లాకులు, వెంటిలేటర్లు లేవు. అక్కడ ఏసీ లేకుండా మధ్యాహ్నం కూర్చోవడం కష్టం, అదీ కాక మాకు అక్కర్లేని మూడో బెడ్‌రూమ్‌కి కూడా కలిపి డబ్బు కట్టాలి.

మా తమ్ముడు చెన్నైలో సివిల్ ఇంజనీరు. వాడు ఫోన్లో ఒక విషయం చెప్పాడు. 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని ఇళ్ల కోసం ఒక కోడ్ తెచ్చిందట, అందులో గోడలూ కిటికీల ద్వారా ఇంట్లోకి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదని ఉంది. "కోడ్ సంగతి పక్కనపెట్టక్కా, పాత ఇల్లయినా సరే నువ్వు మూడే చూడు. పడమర ఏముంది, గోడ మందమెంత, కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయా" అన్నాడు. మాకు అదే పట్టుకొమ్మ అయ్యింది.

గోడ మందం కనుక్కోవడానికి గోడకి చిల్లు పెట్టక్కర్లేదు. కిటికీ తెరిచి గట్టు మీద జానెడు పెట్టి చూస్తే చాలు. నా జానెడు దాదాపు తొమ్మిదంగుళాలు. ఎం.ఆర్. పల్లి ఫ్లాట్లో బెడ్‌రూమ్ కిటికీ దగ్గర బొటనవేలు లోపలి పూత అంచున పెట్టి చిటికెనవేలు చాపితే బయటి అంచుకి ఇంకా వేలెడు మిగిలింది. అంటే తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూత. కాలిన ఎర్ర ఇటుకే అని గ్రిల్లు పక్కన పూత రాలిన చోట కనబడింది. మందం గోడకి గుణం ఏంటంటే వేడి వెంటనే లోపలికి రాదు, కొన్ని గంటలు పడుతుంది, ఆలోపు సాయంత్రం అయిపోతుంది, కిటికీలు తెరిస్తే రాత్రి గాలికి ఇల్లు చల్లబడుతుంది. కానీ ఒక మెలిక ఉంది. అదే మందం గోడకి మధ్యాహ్నమంతా పడమటి ఎండ తగిలితే, తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. కొర్లగుంటలో మా ఇంటి గోడ కూడా తొమ్మిదంగుళాలదే మరి. అందుకని పాత ఇల్లు, మందం గోడ అనగానే చల్లగా ఉంటుందని నమ్మేయొద్దు, ఆ గోడ ఏ దిక్కున ఉందో చూసుకోవాలి.

ఈ ఎం.ఆర్. పల్లి ఫ్లాట్‌కి పడమర వైపు మెట్లు, లిఫ్టు షాఫ్టు ఉన్నాయి. మాకు అన్నిటికన్నా నచ్చింది అదే. సాయంత్రం ఎండ మెట్ల గోడకి తగులుతుంది, మన గదులకి తగలదు. కిటికీలు ఉత్తరం, దక్షిణం. మన తిరుపతికి ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, కాబట్టి ఎండాకాలంలో దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ ఉంటే ఎండ లోపల పడదు. ఈ బిల్డింగ్‌లో ప్రతి కిటికీకీ సన్‌షేడ్ ఉంది, పైన చిన్న వెంటిలేటరూ ఉంది. పైన ఇంకో అంతస్తు ఉంది గనక మిద్దె వేడి మన దాకా రాదు.

మెట్లు పడమరనుండటం వల్ల మన వాకిలి కూడా పడమరకే వచ్చింది. మా అత్తమ్మకి తూర్పు వాకిలి కావాలి. దీని గురించి ఇంట్లో చాలా రోజులు నడిచింది, చివరికి ఆవిడకి నమ్మకమున్న సిద్ధాంతి దగ్గరికి ఆవిడే వెళ్లి అడిగి, పడమర వాకిలీ మంచిదే అని ఆయన చెప్పాక ఒప్పుకుంది. తూర్పు వాకిలి కావాలని ఇంతకుముందు వచ్చినవాళ్లు ఒకరిద్దరు వెనక్కి పోయారని బ్రోకరే చెప్పాడు, ఆ మాట బేరంలో మాకు బాగా కలిసొచ్చింది.

ఇప్పుడు అసలు పని చెప్తాను. పాత ఇంటికి ఉన్న పెద్ద లాభం, అందులో ఎవరో ఇన్నేళ్లు బతికి ఉన్నారు, వాళ్ల కరెంటు బిల్లులు ఉన్నాయి. కొత్త ఫ్లాట్‌కి ఈ సాక్ష్యం దొరకదు. అమ్మేవాళ్లని సర్వీస్ నంబర్ అడిగాం. మనకి కరెంటు ఇచ్చే ఎస్పీడీసీఎల్ సైట్లో నంబర్ కొడితే పాత బిల్లులు వస్తాయి, బకాయిలున్నాయా లేవా కూడా తెలుస్తుంది. ఆ ఫ్లాట్లో అద్దెకున్నవాళ్లు ముగ్గురు, ఒక ఏసీ. మే నెలలో కూడా 190 యూనిట్ల దగ్గరే ఆగింది. ఒక్క నెల చూస్తే ఇంటికి తాళం వేసి ఊరెళ్లారేమో చెప్పలేం, ఏడాది మొత్తం వరుసగా చూడాలి. కింద ఫ్లాట్లో ఉండే పెద్దాయన్ని కూడా కదిపాం. "మధ్యాహ్నం మేము ఫ్యాను కిందే పండుకుంటాం మా, ఏసీ రాత్రికి ఒక రెండు గంటలు, అంతే" అన్నాడు. ఇల్లు చూడ్డానికి పొద్దున పూట పోవద్దు. మేము కావాలనే మధ్యాహ్నం మూడు దాటాక పోయి, ఏసీ, ఫ్యాను రెండూ ఆపించి కాసేపు కూర్చున్నాం. బ్రోకర్‌కి విసుగొచ్చినా ఆ అరగంట మాకు చాలా చెప్పింది.

నీళ్ల సంగతి, వానల సంగతి ఆ పెద్దాయన్నే అడిగాం. 2021 నవంబరు వానలకి ఊళ్లో పల్లపు కాలనీలు ఎలా మునిగాయో అందరం చూశాం, ఆ రోజుల్లో ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గేటు దగ్గర చూపించాడు, సంపులోకి రాలేదట. ఇంకోటి, మన ఊళ్లో మాత్రమే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, బిల్డింగ్‌లో ఫ్లాట్లు యాత్రికులకి రోజు అద్దెకి ఇస్తున్నారా అని. అలా ఇచ్చే చోట నీళ్లూ, లిఫ్టూ, నిద్రా మూడిటికీ ఇబ్బందే. ఇక్కడ అసోసియేషన్ ఒప్పుకోవట్లేదని తెలిశాక ధైర్యం వచ్చింది.

పాతదంటే భయపడాల్సింది స్లాబు గురించి. తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని పోయాం. ఆయన చిన్న సుత్తితో సీలింగ్ అంతా తడుతూ పోయాడు. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, లోపల వదులైన చోట డొల్లగా వినిపిస్తుంది. బాత్‌రూమ్ సీలింగ్‌లో ఒక మూల డొల్లగా మోగింది, కొంచెం గీకితే పెచ్చు ఊడి తుప్పు పట్టిన కమ్మి బయటపడింది. "పైన బాత్‌రూమ్ నుంచి చెమ్మ దిగతా ఉంది మేడం, కమ్మి ఉబ్బి పెచ్చు లేపింది. ఇక్కడ ఒక్కచోటే గనక భయం లేదు. ఇదే పిల్లర్లలో, బీముల్లో కనబడితే మాత్రం వద్దనుకోండి" అన్నాడు. తర్వాత మమ్మల్ని కింద పార్కింగ్‌లోకి తీసుకెళ్లి ప్రతి పిల్లర్ మొదలూ టార్చి వేసి చూపించాడు, నిలువు బీటలు లేవు. మిద్దె పైకి ఎక్కి నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూశాడు. ఆయనకిచ్చిన కూలీ మేము పెట్టిన ఖర్చులన్నిటిలో బాగా వసూలైనదని నా అభిప్రాయం. పైవాళ్లు వాళ్ల బాత్‌రూమ్ లీకు బాగు చేసుకుంటామని ఒప్పుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చాం.

ఇక కాగితాలు. తిరుపతిలో సర్వే నంబరు చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. మఠం భూములు, దేవాదాయ భూములు, ప్రభుత్వ భూములు ఊరంతా కలగలిసి ఉన్నాయి, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషనే కాదు. అది మొదట చూసుకున్నాం. తర్వాత ఈసీ (ఆస్తి మీద ఇంతకుముందు జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), అప్రూవ్డ్ ప్లాను, ఇంటి పన్ను రసీదులు తీసుకెళ్లి లాయర్‌కి ఇచ్చాం. పాత ఫ్లాట్‌లో గోడల వయసు పెరుగుతుంది గానీ విలువ నిలబెట్టేది భూమిలో వాటా, అదే యూడీఎస్. డాక్యుమెంట్‌లో 36 గజాలు రాసి ఉంది, మన తిరుపతి లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి తొమ్మిది అంకణాలు. కొన్ని పాత డాక్యుమెంట్లలో అసలు ఎన్ని గజాలో రాయకుండా వాటా అని మాత్రమే ఉంటుంది, అలాంటివి చూసినప్పుడు లాయర్ వెంటనే ఆపాడు. మిద్దె హక్కు అందరిదీ అని రాసి ఉందా, పై అంతస్తువాళ్లకే రాసిచ్చేశారా అన్నది కూడా చదివించుకోండి.

మాకు ఎక్కువ టైం పట్టింది వారసుల దగ్గర. ఫ్లాట్ ఎవరి పేరు మీదుందో ఆయన చనిపోయారు. భార్య, ఇద్దరు పిల్లలు, కొడుకు అమెరికాలో. అమ్మ సంతకం ఉంది కదా చాలు అని బ్రోకర్ అన్నాడు, చాలదు. ముగ్గురూ ఉండాలి. కొడుకు అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం పెట్టి జీపీఏ (తన తరఫున ఇక్కడ సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) పంపాడు, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. టీడీఎస్ విషయం, అంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను సంగతి, మాకు ఆడిటర్ చెప్పాడు. మామూలుగా 50 లక్షల లోపు ఇంటికి కొనేవాళ్లు టీడీఎస్ పట్టక్కర్లేదు. కానీ అమ్మేవాళ్లలో ఎన్నారై ఉంటే ఆయన వాటాకి ఆ 50 లక్షల పరిమితి వర్తించదు, ఎంత చిన్న మొత్తమైనా కొనేవాళ్లే పట్టి కట్టాలి. ఇది తెలియకపోతే తర్వాత నోటీసు మనకే వస్తుంది.

ధర 31 లక్షలకి తెగింది. లోన్ దగ్గర మాకు రెండు ఇబ్బందులు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షల దాకా లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చు, కానీ బ్యాంకు పంపిన వాల్యుయర్ బిల్డింగ్‌కి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుందో రాస్తాడు, దాన్నిబట్టి మొత్తమూ గడువూ తగ్గుతాయి. మాకు 22 లక్షలు, 15 ఏళ్లే ఇచ్చారు. రెండోది, స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం, అంటే మాకు 2,32,500 రూపాయలు, ఇది లోన్‌లో రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి. డాక్యుమెంట్‌లో రాసే ధర, ప్రభుత్వం పెట్టిన మార్కెట్ వాల్యూ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఈ డబ్బు, రిపేర్ల డబ్బు ముందే పక్కన పెట్టుకోకపోతే చివర్లో నగలు బ్యాంకుకి పోతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని మాత్రం ఒక్క పూటలో అయిపోయింది.

చేరేముందు చేయించిన పనుల్లో వైరింగే పెద్దది. పాత వైరింగ్‌కి ఎర్తింగ్ సరిగ్గా లేదు, ఏసీకి వేరే లైను లేదు. మొత్తం తీసేసి కొత్త రాగి వైర్లు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీలు, షాక్ కొడితే ఆపే ఆర్‌సీసీబీ వేయించాం, శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి అనుమతించిన కరెంటు లోడు) పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టాం. కిటికీల దగ్గర మాత్రం ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. చెక్క రెక్కలు ఉబ్బిపోయి మూసుకోవట్లేదని, అవన్నీ పీకేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ పెట్టమని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే, రెక్కల కిటికీ మొత్తం తెరుచుకుంటుంది, రాత్రి గాలి కోసమే కదా ఈ ఇల్లు కొన్నది. వడ్రంగిని పిలిచి రెక్కలు చిత్రిక పట్టించి, మడతబందులు మార్చి, లోపలివైపు దోమల మెష్ పెట్టించాం. స్లైడింగ్‌కి చెప్పిన రేటులో సగం కూడా కాలేదు.

ఫ్యాన్లు మూడూ కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ మోటారువి వేశాం. మామూలు ఫ్యాను 75 వాట్లు, ఇవి 30 దగ్గర. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకి 16 యూనిట్లు మిగులుతాయి, మన ఎండలకి ఫ్యాన్లు ఆగేదెప్పుడు గనక? 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, కొనేటప్పుడు అది చూసుకుంటే సరిపోతుంది. ఏసీ ఒకటే, టన్నుది, అత్తమ్మా పాపా పడుకునే గదిలో, 26 మీద పెట్టి ఫ్యాను కూడా తిప్పుతాం. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్తుంది.

మొన్న మే నెల గడిచింది. రోహిణి కార్తె రోజుల్లో, బయట 41 డిగ్రీలున్న మధ్యాహ్నం మూడింటికి హాల్లో చిన్న థర్మామీటర్ 34 చూపించింది. పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూసి కర్టెన్లు వేసేస్తాం, రాత్రి ఏడున్నర దాటాక అన్నీ బార్లా తెరుస్తాం, అత్తమ్మ ఈ డ్యూటీ తనే తీసుకుంది. 34 అంటే చల్లదనం కాదు, ఉక్క ఉంటుంది, కానీ ఫ్యాను కింద కూర్చుని పాప హోంవర్క్ చేసుకోగలుగుతోంది, చెమటకాయలు ఈసారి రాలేదు. బిల్లు 210 యూనిట్లు.

ఇప్పుడు అసోసియేషన్‌లో సోలార్ మాట నడుస్తోంది. పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ ఉమ్మడి అవసరాలకి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల బిల్లు దాంతో తగ్గుతుంది, ప్యానెళ్ల నీడకి పై అంతస్తువాళ్ల స్లాబూ కొంచెం చల్లబడుతుంది. పై అంతస్తువాళ్లు వెంటనే సరేనన్నారు. మిద్దె మీద బట్టలు ఆరేసుకునే చోటు పోతుందని ఇద్దరు అడ్డం చెప్పారు. ప్యానెళ్లని మనిషి ఎత్తు స్టాండు మీద పెడితే కింద తీగలు కట్టుకోవచ్చు, దానికి ఎంతవుతుందో కొటేషన్ తెప్పిస్తున్నాం, వచ్చే నెల మీటింగ్‌లో మళ్లీ కూర్చుంటాం.